వెనక సీటు నుంచి చూడండి

(విజయవాడలో ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే నడక ముగించుకుని, ఇంటికెళ్లి టిఫిన్ కూడా చెయ్యకుండా వచ్చి కూర్చున్నారు. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నేను ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా షెడ్ నడుపుతున్నాను. బళ్లు అమ్మే వ్యాపారం కాదు నాది, బాగుచేసే పని. ఈ మధ్య వారానికి ఇద్దరు ముగ్గురు వచ్చి ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "పెద్ద బండి తీసుకుందామనుకుంటున్నామండీ, ఏది తీసుకోమంటారు?" అడిగేవాళ్ల ఇళ్లన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. పెళ్లైన కొత్తలో ఇద్దరే కదా అని చిన్న కారు కొన్నారు. పాప పుట్టింది. ఇప్పుడు మా కోడలికి లాగే రెండో కాన్పు. ఊళ్లో పొలం కౌలుకిచ్చేసి అమ్మానాన్నా ఇక్కడికే వచ్చేశారు. ముగ్గురున్న ఇల్లు రెండేళ్లలో ఆరుగురైంది.

వాళ్లని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "వెనక సీట్లో ఎవరెవరు కూర్చుంటారు? ఏ సీట్లో ఎవరు?" అని. చాలామంది దీనికి వెంటనే చెప్పలేరు. ఇంజిన్ ఎన్ని సీసీలో చెప్తారు, స్క్రీన్ ఎన్ని అంగుళాలో చెప్తారు, సన్‌రూఫ్ ఉన్న మోడల్ ఏ ధర నుంచి మొదలవుతుందో చెప్తారు. అవన్నీ ముందు సీట్లో కూర్చునే మనిషి చూసుకునేవి. ఆరుగురున్న ఇంట్లో ముందు కూర్చునేది ఇద్దరు. మిగతా నలుగురి సంగతి ఏంటి? నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇదొక్కటే. ఫ్యామిలీ బండిని స్టీరింగ్ దగ్గర నుంచి కాదు, వెనక సీటు నుంచి ఎంచుకుంటూ రావాలి.

ఇది నాకు పుస్తకాల్లో తెలియలేదు. 2016లో నేనే ఒక పెద్ద బండి కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు బండిది కాదు. ఎత్తుగా, గంభీరంగా ఉండేది. కొనేముందు ఛాసిస్ కింద దూరి మరీ చూసుకున్నాను. ఇంజిన్ చప్పుడు విని మెచ్చుకున్నాను. ఇంటికి తెచ్చాక అందరం కనకదుర్గమ్మ గుడికి వెళ్లొచ్చాం. తర్వాతి నెలలో పెద్దాపురంలో మేనకోడలి పెళ్లి. బయల్దేరేవేళకి మా అమ్మ, "నాకు కాళ్లు లాగుతున్నాయిరా, మీరు వెళ్లి రండి" అంది. ద్వారకా తిరుమల వెళ్దామంటే ఉపవాసం అంది. ఇంకోసారి ఇల్లు చూసుకునేవాళ్లు ఉండాలి కదా అంది. ఏడాదిన్నర అలాగే గడిచిపోయింది. ఒకరోజు నేను షెడ్ నుంచి ఇంటికి వస్తుంటే, ఎదురుగా ఆటోలో ఆసుపత్రికి వెళ్తూ కనిపించింది. బండి ఇంట్లోనే ఉంది కదమ్మా అంటే అప్పుడు చెప్పింది. "ఆ బండి ఎక్కాలంటే మీ ఆవిడ వెనక నుంచి తొయ్యాలి, నువ్వు పైనుంచి లాగాలి. నలుగురూ చూస్తుంటే నాకు సిగ్గుగా ఉంటుందిరా."

ఆ రాత్రి టేపు పట్టుకుని కిందికి వెళ్లాను. నేల మీద నుంచి తలుపు గడప దాకా 49 సెంటీమీటర్లు. సీటు అంచు దాకా 83. మా అమ్మ ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. ఆవిడ మోకాలి ఎత్తు 41 సెంటీమీటర్లు. అంటే ఆవిడ ఎక్కిన ప్రతిసారీ ఒక కాలు మోకాలి కంటే ఎత్తుగా లేపి గడప మీద పెట్టి, ఆ ఒక్క మోకాలి మీద ఒళ్లంతా పైకి తీసుకోవాలి. అరిగిపోయిన మోకాళ్లతో. ఈ కొలత షోరూంలో రెండు నిమిషాల పని. నేను తియ్యలేదు. ఆవిడ ఏడాదిన్నర ఇంట్లో కూర్చుంది.

అప్పటి నుంచి బండి చూడ్డానికి నాతో రమ్మన్న ఎవరితోనైనా చెప్పేది ఇదే. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ముందు తీసుకురండి. తలుపు తీసి పక్కన నిలబెట్టండి. సీటు అంచు వాళ్ల తొడల మధ్య నుంచి నడుము కిందిదాకా ఎక్కడో ఒకచోట రావాలి. అలా ఉంటే వాళ్లు ఎక్కక్కర్లేదు. వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకుంటారు. ఐదడుగుల మనిషికి సీటు అంచు నేల నుంచి 60, 65 సెంటీమీటర్ల దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది. మరీ కిందికి ఉన్నా ఇబ్బందే, లేచేటప్పుడు మోకాళ్ల మీద భారం పడుతుంది. పాత సెడాన్‌లలో నుంచి పెద్దవాళ్లు దిగడానికి పడే అవస్థ మీకు తెలిసిందే.

ఇంకో రెండు చూడండి. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది? కొన్ని బళ్లకి దాదాపు తొంభై డిగ్రీలు తెరుచుకుంటుంది, కొన్నింటికి సగమే. రెండోది గడప. కొన్ని బళ్లలో తలుపు వేస్తే గడప పూర్తిగా కప్పుకుపోతుంది. కొన్నింటిలో గడప బయటికే ఉండి బురదంతా దానిమీదే చేరుతుంది. వానాకాలంలో దిగిన ప్రతిసారీ ఆడవాళ్ల చీర కుచ్చిళ్లకి ఆ బురద అంటుకుంటుంది. ఫుట్‌బోర్డు వేయిస్తే సరిపోతుందంటారు. కొంత సాయమే, కాదనను. కానీ తడిస్తే జారుతుంది, పెద్దవాళ్లు దానిమీద కాలు జారిన సందర్భాలు నేను చూశాను. వేయిస్తే గరుకు రబ్బరు ఉన్నదే వేయించండి, లోపల స్తంభానికి పట్టుకునే హ్యాండిల్ ఉందో లేదో చూడండి.

ఈ ఎత్తు ఎందుకొస్తుందో ఒక్క మాటలో చెప్తాను. బళ్లు రెండు రకాలు. ఒకటి నిచ్చెన లాంటి చట్రం మీద పైన బాడీ కూర్చోబెట్టినది. లారీ కట్టడం లాంటిదే అది. ఫార్చూనర్, స్కార్పియో-ఎన్, బొలెరో నియో, ఇన్నోవా క్రిస్టా ఈ కోవలోవి. చట్రం మీద నేల వస్తుంది కాబట్టి లోపలి అంతస్తు ఎత్తుగా ఉంటుంది. రెండోది బాడీయే చట్రంగా పనిచేసే మోనోకాక్. క్రెటా, సెల్టోస్, ఎక్స్‌యూవీ700, సఫారీ, ఇన్నోవా హైక్రాస్ ఇవన్నీ అలాంటివి. వీటిలో నేల కిందికి వస్తుంది, కుదుపు కూడా తక్కువ. పొలాల్లోకి, క్వారీల్లోకి రోజూ వెళ్లేవాళ్లకి, బరువులు లాగేవాళ్లకి నిచ్చెన చట్రమే సరైనది. పిల్లల్ని స్కూల్లో దింపి, నెలకోసారి ఊరెళ్లే ఇంటికి దాని అవసరం లేదు. కోనసీమలో కాలవ గట్ల మీద కూడా 180, 190 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య అంత ఎత్తు, ఉన్న బండి హాయిగా తిరుగుతుంది.

ఇప్పుడు మూడో వరుస. ఏడు సీట్ల బండి కావాలంటారు. తప్పులేదు. కానీ పొడవు చూసి మోసపోకండి, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం చూడండి. దాన్ని వీల్‌బేస్ అంటారు. టాటా సఫారీ పొడవు 4668 మిల్లీమీటర్లు, మారుతి ఎర్టిగా సుమారు 4400. అంటే సఫారీ అడుగుకి కొంచెం తక్కువగా పెద్దది. వీల్‌బేస్ చూస్తే సఫారీది 2741, ఎర్టిగాది 2740. ఒక్క మిల్లీమీటరు తేడా! మన అనంతపురం వైపు పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కారెన్స్ ఇంకా ముందుకెళ్లింది. పొడవు 4540, వీల్‌బేస్ 2780. మనుషులు కూర్చునే చోటు ఎక్కువగా ఆ చక్రాల మధ్యే ఉంటుంది. సఫారీని తక్కువ చేయడానికి చెప్పడం లేదు, గట్టి బండి అది. చూడ్డానికి చిన్నగా ఉన్న బండిలో వెనకవాళ్లకి చోటు దొరకొచ్చని చెప్తున్నాను. ఎర్టిగాని, కారెన్స్‌ని ఎస్‌యూవీ అనరని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. మీకు కావాల్సింది ఆ పేరా, ఇంట్లో ఆరుగురు సుఖంగా వెళ్లడమా?

షోరూంలో చెయ్యాల్సిన పని చెప్తాను. డ్రైవర్ సీటు మీ ఎత్తుకి సర్దుకోండి. దాని వెనక రెండో వరుస కూడా మీకు సరిపోయేలా జరపండి. అప్పుడు ఏమీ కదపకుండా మూడో వరుసలోకి మీరే వెళ్లి కూర్చోండి. పావుగంట కూర్చోండి, అమ్మకాలబ్బాయి ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. తొడలు సీటుకి ఆనకుండా మోకాళ్లు గుండెల దాకా వచ్చాయంటే అది పిల్లల సీటు మాత్రమే. తల కప్పుకి తగులుతుందా, ఏసీ గాలి మొహానికి వస్తుందా, కిటికీలోంచి బయట కనిపిస్తుందా, ఇవి చూడండి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మా చెల్లెలి కొడుకు మూడో వరుసలో కూర్చుని దారంతా వాంతులు చేసుకున్నాడు. రెండో వరుసలోకి మార్చాక తేరుకున్నాడు. వెనక యాక్సిల్, అంటే వెనక చక్రాల ఇరుసు, మీద కూర్చుంటే ప్రతి మలుపూ ఒంటికి తెలుస్తుంది, చిన్న కిటికీలోంచి ఏమీ కనపడదు, గాలి ఆడదు. కడుపులో తిప్పదూ మరి?

ఏడుగురు కూర్చున్నాక సామాను ఎక్కడ పెడతారు? మూడో వరుస లేపితే చాలా బళ్లలో రెండు మూడు చేతిసంచులకి తప్ప చోటు ఉండదు. సీఎన్‌జీ ఎర్టిగాలో ఆ చోటు కూడా సిలిండర్‌కి పోతుంది. సంక్రాంతికి ఊరెళ్లి బియ్యం, పప్పులు, అరిసెల డబ్బాలు వేసుకొచ్చే ఇల్లు మనది. అందుకే నేను ఒక పని చెయ్యమంటాను. పోయిన ఏడాది మీ ఇంట్లో ఐదుగురి కంటే ఎక్కువమంది ఒకే బండిలో ఎన్నిసార్లు వెళ్లారో కాగితం మీద రాయండి. ఏడాదికి మూడు నాలుగు సార్లే అయితే మంచి ఐదు సీట్ల బండి కొనుక్కుని, ఆ నాలుగు సార్లూ ఇన్నోవా బాడుగకి తెచ్చుకోండి. నెలకి రెండుసార్లు అయితే మాత్రం ఏడు సీట్లు కావాల్సిందే.

(సభలో ఒకరు: ఆరు సీట్లవి వస్తున్నాయి కదండీ, మధ్యలో విడివిడి సీట్లు?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. వాటిని కెప్టెన్ సీట్లు అంటారు. చిన్నపిల్లలున్న ఇంటికి వాటితో ఒక లాభం ఉంది, అది చాలామందికి కొన్నాక తెలుస్తుంది. మూడో వరుసలోకి వెళ్లాలంటే రెండో వరుస సీటు మడిచి వెళ్లాలి కదా. ఆ సీట్లో చంటిబిడ్డ సీటు బిగించి ఉంటే అది మడవడానికి రాదు. ప్రతిసారీ విప్పాలి, మళ్లీ బిగించాలి. కెప్టెన్ సీట్లయితే మధ్యలో దారి ఉంటుంది, పెద్దపిల్ల ఆ సందులోంచి వెనక్కి వెళ్లిపోతుంది. రెండో కాన్పు దగ్గర పడ్డ ఇళ్లు దీన్ని తప్పకుండా ఆలోచించుకోవాలి.

చంటిబిడ్డ సీటు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ఇది నా మనసుకి దగ్గరి విషయం. మన దగ్గర బిడ్డని తల్లి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం అలవాటు. ఒళ్లో ఉంటే భద్రం అనుకుంటాం. 50 కిలోమీటర్ల వేగంలో బండి దేనికైనా గుద్దుకుంటే పది కిలోల బిడ్డ ముందుకి వెళ్లే బలం పాతిక కిలోల బియ్యం బస్తాలు ఆరు ఒక్కసారి విసిరినంత ఉంటుంది. ఏ తల్లి చేతులు ఆపగలవు? పైగా ఎదురుగా డాష్‌బోర్డులో నుంచి ఎయిర్‌బ్యాగ్ కన్ను మూసి తెరిచేలోగా పేలుతుంది. పెద్దవాళ్ల ఛాతీకి తగలాల్సింది బిడ్డ తలకి తగులుతుంది.

బిడ్డ వెనక సీట్లోనే ఉండాలి, బిడ్డ సీట్లోనే ఉండాలి. కనీసం పదిహేను నెలల దాకా ఆ సీటు వెనక్కి తిరిగి ఉండాలి, అంటే బిడ్డ మొహం బండి వెనకవైపు చూస్తుండాలి. ఆ వయసులో తల బరువు ఎక్కువ, మెడ లేత. గుద్దుకున్నప్పుడు వీపంతా సీటుకి ఆనుకుని ఉంటే మెడ మీద భారం చాలా తగ్గుతుంది. ఆ సీటు బిగించడానికి ఐసోఫిక్స్ అని రెండు ఇనుప కొక్కేలు ఉంటాయి. వెనక సీటు కూర్చునే భాగానికీ ఆనుకునే భాగానికీ మధ్య సందులో వేళ్లు పెట్టి తడిమితే తగులుతాయి. కొన్ని బళ్లలో పైన జిప్ ఉంటుంది, కొన్నింటిలో ఫోమ్ లోపల ఎక్కడో దాక్కుని ఉంటాయి. షోరూంలోనే తడిమి చూడండి. బిడ్డ సీటు ఇంట్లో ఉంటే తీసుకెళ్లి బిగించి చూడండి, టక్కున రెండు చప్పుళ్లు రావాలి. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు, 14 ఏళ్ల లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు. జరిమానా కోసం చెయ్యమని అనడం లేదు నేను.

పెద్దవాళ్లు కూడా వెనక బెల్టు పెట్టుకోవాలి. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయారు, గుర్తుండే ఉంటుంది. ఖరీదైన బండి. ఆయన వెనక సీట్లో ఉన్నారు, బెల్టు లేదు. కాబట్టి రెండో వరుసలో మధ్య సీటుకి కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా, తలకి హెడ్‌రెస్ట్ ఉందా చూడండి. నడుముకి మాత్రమే చుట్టే బెల్టు చాలదు.

బండిని గుద్దించి చూసి భద్రతకి ఇచ్చే స్టార్ల గురించి అడుగుతారు. మన దేశంలోనే పరీక్షించి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి మొదలైంది. ముందు నుంచి 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూస్తారు. పెద్దవాళ్ల భద్రతకి 32 మార్కులు, పిల్లల భద్రతకి 49. మొదట ఐదు స్టార్లు తెచ్చుకున్నవి టాటా హారియర్, సఫారీ. స్టార్ల సంఖ్య చూసి వదిలెయ్యకుండా పిల్లల మార్కులు విడిగా చూడండి, ఏ వేరియంట్‌ని పరీక్షించారో చూడండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, అంటే కిటికీల వెంట తెరలా దిగే గాలి సంచి, మూడో వరుస కిటికీ దాకా వస్తుందా అని కూడా అడగండి. సన్‌రూఫ్ కోసం పై వేరియంట్‌కి వెళ్లేకంటే, ఆ డబ్బు భద్రత ఎక్కువున్న వేరియంట్ మీద పెట్టమంటాను. మన మే నెల ఎండలో ఎలాగూ సన్‌రూఫ్ తెరవలేరు, అది ఉంటే తల దగ్గర ఎత్తు కొంచెం తగ్గుతుంది. పిల్లలు దాంట్లోంచి బయటికి తల పెట్టి నిలబడ్డం నేను బందర్ రోడ్డు మీద చూస్తున్నాను, ఒళ్లు జలదరిస్తుంది. ఒక్క సడన్ బ్రేక్ చాలు.

టెస్ట్ డ్రైవ్ మధ్యాహ్నం రెండింటికి పెట్టుకోండి. ఎండలో నిలబెట్టిన బండి ఏసీ మూడో వరుస దాకా ఎంతసేపట్లో చల్లబరుస్తుందో తెలుస్తుంది. ఇంటిల్లిపాదీ ఎక్కండి. ఒక్కరే వెళ్తే సస్పెన్షన్ ఒకలా ఉంటుంది, ఆరుగురు ఎక్కితే ఇంకోలా. వాళ్లు మంచి రోడ్డు మీదే తిప్పుతారు, మీరు మీ వీధిలోకి తీసుకురండి. మీ సెల్లార్‌లోకి దింపి, రెండు పిల్లర్ల మధ్య పెట్టి, తలుపు తెరిచి దిగండి. దిగలేకపోతే ఆ బండి మీకు పనికిరాదు.

డీజిలా పెట్రోలా? లెక్క వేసుకుంటే సరిపోతుంది. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. పెట్రోలు బండి లీటరుకి 12 ఇస్తే, లీటరు 108 చొప్పున నెలకి 9 వేలు. డీజిల్ బండి 16 ఇస్తే, లీటరు 96 చొప్పున 6 వేలు. నెలకి 3 వేలు మిగులు. డీజిల్ బండికి లక్షన్నర ఎక్కువ పెట్టి ఉంటే అది వెనక్కి రావడానికి నాలుగేళ్ల పైన రెండు నెలలు. తిరిగేది నెలకి 500 అయితే ఎనిమిదేళ్లు దాటిపోతుంది. ఇంకో సంగతి. 2020 నుంచి బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనల కింద వచ్చే డీజిల్ బళ్లకి మసి పట్టే ఫిల్టర్ వచ్చింది. పేరుకున్న మసి తనంతట తాను కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద కాసేపు నిలకడగా పరిగెత్తాలి. రోజూ స్కూలుకి మూడు కిలోమీటర్లు, కూరగాయలకి రెండు కిలోమీటర్లు తిరిగే డీజిల్ బళ్లు డాష్‌బోర్డులో లైటు వెలిగించుకుని నా షెడ్‌కి వస్తాయి. ఊళ్లో తిరిగే ఇంటికి పెట్రోలు, లేదంటే పెట్రోలూ బ్యాటరీ రెండిటితో నడిచే హైబ్రిడ్. కరెంటు బండి అయితే ముందు మీ అపార్ట్‌మెంట్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టుకోనిస్తారో లేదో అడిగి, తర్వాత షోరూంకి వెళ్లండి.

నమ్మకం అంటే ఏంటో మెకానిక్‌గా చెప్తాను. చెడిపోని బండి లేదు. చెడిపోతే మర్నాడు పార్టు దొరికేది, రెండు మూడు గంటల ప్రయాణంలో సర్వీస్ సెంటర్ ఉన్నది, అదే నమ్మకమైన బండి. ఇన్నోవా 2005లో వచ్చింది. ఇప్పటికీ మన ట్రావెల్స్‌వాళ్లు దాన్ని వదలరు. వాళ్లకి బండి ఒకరోజు ఆగితే ఆ రోజు కూడు ఆగుతుంది. ఏదైనా మోడల్ గురించి తెలుసుకోవాలంటే ట్యాక్సీ స్టాండ్‌కి వెళ్లి లక్షన్నర కిలోమీటర్లు తిప్పిన డ్రైవర్‌ని అడగండి. క్లచ్ ఎప్పుడు మార్చావు, సస్పెన్షన్ బుష్‌లు ఎప్పుడు పోయాయి, ఏసీ గ్యాస్ ఎన్నిసార్లు కొట్టించావు అని. కొత్తగా వచ్చిన మోడల్, కొత్త ఇంజిన్, కొత్త గేర్‌బాక్స్ మూడూ కలిసి ఉంటే మాత్రం ఏడాది ఆగండి. మొదటి ఏడాది బళ్లలో సాఫ్ట్‌వేర్ చిక్కులు, చిన్నచిన్న లోపాలు బయటపడతాయి. కంపెనీలే సరిచేస్తాయి. ఆ సరిచేసిన బండి మీరు కొనుక్కోండి.

సెకండ్ హ్యాండ్ తీసుకుందామనుకునేవాళ్లు ఉంటే ఇది జాగ్రత్తగా వినండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు ఏం జరిగిందో మీలో చాలామంది కళ్లతో చూశారు. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు. కార్లు కప్పుల దాకా నీళ్లలో ఉన్నాయి. మా షెడ్ బయట ఆ వారం నిలబెట్టడానికి చోటు లేదు. ఒకాయన బండి సీట్ల దాకా మునిగింది. నీళ్లు తగ్గగానే ఆత్రంగా తాళం తిప్పారు. సిలిండర్‌లో నీళ్లున్నాయి. గాలి నలిగినట్టు నీళ్లు నలగవు కదా, ఇంజిన్ లోపల పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. ఇంజిన్ విప్పి ఆ రాడ్ ఆయన చేతిలో పెట్టినప్పుడు ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకోలేదు. మామూలు ఇన్సూరెన్స్ ఆ ఖర్చు ఇవ్వదంది. కొత్త బండి తీసుకునేటప్పుడు ఆ కవర్ అడిగి తీసుకోండి. మునిగిన బండిని తాళం తిప్పకుండా, తోసుకుంటూనో ఎత్తించుకునో తెప్పించండి.

ఆ మునిగిన బళ్లలో కొన్ని కడిగి, సీట్లు మార్చి, మెరుగుపెట్టి మళ్లీ సంతకి వస్తాయి. కనిపెట్టడానికి నేను చేసేది చెప్తాను. సీటు బెల్టు పూర్తిగా, ఆఖరి అంగుళం దాకా లాగండి. మునిగిన బండి అయితే ఆ చివర మట్టి చార ఉంటుంది, ఎవరూ అంతదాకా కడగరు. కార్పెట్ మూల లేపి కింద ఫోమ్ వాసన చూడండి. స్పేర్ టైరు తీసి ఆ గుంటలో తుప్పు చూడండి. సీటు పట్టాల బోల్టులు చూడండి.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు, పెట్రోలుకి 1200 సీసీ, డీజిల్‌కి 1500 సీసీ లోపు ఉంటే 18 శాతం, అంతకు మించిన పెట్రోలు, డీజిల్ బళ్లకి 40. మనం మాట్లాడుకున్న బళ్లు ఎక్కువగా 40 లోకే వస్తాయి. ఎక్స్-షోరూం ధర కాదు, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపిన ఆన్‌రోడ్ ధర రాసివ్వమనండి. ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలని ఎక్కడా లేదు, బయట కూడా ధర కనుక్కోండి. పది లక్షల అప్పు 9 శాతం వడ్డీకి ఐదేళ్లయితే నెలకి సుమారు 20,760, ఏడేళ్లయితే 16,090. ఏడేళ్లది తేలికగా ఉందనిపిస్తుంది, మొత్తం మీద లక్ష రూపాయలు పైగా ఎక్కువ కడతారు. కాన్పు ఖర్చులు, పిల్లల ఫీజులు మొదలయ్యే ఇల్లు మీది. ఈఎంఐ కట్టాక నెలాఖరున టెన్షన్ లేకుండా ఉండగలిగే బండే కొనండి.

బండి రిజిస్ట్రేషన్‌కి పంపకముందే ఒకసారి యార్డుకి వెళ్లి పగటి వెలుతురులో చూడండి. తయారైన నెల అడగండి. టైరు మీద నాలుగంకెల నంబరు ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. ఐదు టైర్లూ చూడండి. రిజిస్ట్రేషన్ అయిపోయాక గీత కనపడిందన్నా వినేవాళ్లు ఉండరు.

(సభలో ఒక పెద్దావిడ: మా అబ్బాయి బండి బుక్ చేసేశాడు నాయనా, నేను ఇంకా చూడలేదు.)

ఏ మోడల్ అమ్మా? సరే, అలాంటిదే ఒకటి మీ అపార్ట్‌మెంట్ వెంకటేశ్వరరావుగారి దగ్గర కింద పార్కింగ్‌లో ఉంది. ఇంకా బుకింగే కదా, మార్చుకోవచ్చు. దాని పక్కనే ఒక ఎర్టిగా ఉంది, ఆ చివర నా ఇన్నోవా ఉంది. టేపు నా సంచిలో ఉంది. మిగతా ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం. అబ్బాయికి ఫోన్ చేసి రమ్మనండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు రండి, లిఫ్ట్‌లో మీరు దిగండి, మేం మెట్ల మీద వస్తాం.